యూనీసైకిల్‌కి ఇంట్లోనే స్ప్రే పెయింట్: రంగు ఎందుకు ఊడుతుంది, ఎలా నిలుస్తుంది

స్ప్రే డబ్బా కొని, ఊపి, నొక్కితే పది నిమిషాల్లో ఫ్రేమ్ కొత్తదానిలా మెరుస్తుంది. అందులో అబద్ధం లేదు. అసలు పరీక్ష ఆ తర్వాత నెల రోజుల్లో ఉంటుంది. బూటు తగిలిన చోట చిన్న పెచ్చు లేస్తుంది. దాన్ని గోటితో గీకితే రెండంగుళాల పొర చేతికొస్తుంది. కింద పాత క్రోమ్ ఏమీ ఎరగనట్టు తళతళలాడుతూ ఉంటుంది. వెంటనే డబ్బాను తిట్టుకుంటాం, ఇంకాస్త ఖరీదైనది కొనుంటే బాగుండేదని. కానీ అలా పొరగా లేచి వచ్చిన రంగు అరిగిపోయిన రంగు కాదు. మొదటి రోజు నుంచీ అది ఫ్రేమ్‌ని పట్టుకోనే లేదు. ఇంట్లో వేసే పెయింట్‌లో గొడవంతా రెండు చోట్ల ఉంటుంది: రంగు కింద ఏముంది, ఒక కోటుకీ ఇంకో కోటుకీ మధ్య ఎంతసేపు ఆగాం. నాజిల్ నొక్కే చేతివాటం ఆ తర్వాతి సంగతి.

ఒకే చక్రం, రెండు పెడళ్లు, ఒక సీటు ఉండే యూనీసైకిల్‌ని మనవాళ్లు ఎక్కువగా సర్కస్‌లోనే చూశారు. ఇప్పుడు ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెడితే 20 అంగుళాల చక్రంతో ఇంటికి వస్తోంది. దీనికి చైను లేదు, గేర్లు లేవు, చాలావాటికి బ్రేకు కూడా ఉండదు. విప్పాల్సిన భాగాలు తక్కువ కాబట్టి పెయింట్ పని నేర్చుకోవడానికి మామూలు సైకిల్ కంటే ఇదే సులువు. వేసిన రంగు నిలబెట్టుకోవడానికి మాత్రం ఇదే కష్టం. తొక్కుతున్నంతసేపూ మోకాళ్ల లోపలి వైపు, చీలమండలు, బూటు అంచులు ఫ్రేమ్‌కి రాసుకుంటూనే ఉంటాయి. చేయి తిరిగినవాళ్లు ఒక కాలు తీసి, చక్రం పైన ఫ్రేమ్ కాళ్లు రెండూ కలిసే భుజం మీద పెట్టి, ఇంకో కాలితోనే తొక్కుతారు. అక్కడ బూటు అడుగు నేరుగా రంగును రుద్దుతుంది. ఇక నేర్చుకునే రోజుల్లో బండి ఎన్నిసార్లు నేల మీద పడుతుందో లెక్క ఉండదు. గేటుకి వేసిన రంగు ఎండకీ వానకీ తట్టుకుంటే చాలు. దీనికి వేసిన రంగు ఒరిపిడికీ దెబ్బలకీ కూడా తట్టుకోవాలి.

దేనికి రంగు వేయాలన్నది ముందే తేల్చుకోవాలి. నా ఓటు ఫ్రేమ్ ఒక్కదానికే. క్రాంకులకు, అంటే పెడళ్లు బిగించే కడ్డీలకు, వేస్తే బూట్ల రాపిడికి కొద్ది రోజుల్లోనే పోతుంది. పెడళ్లు మొదటి రోజే గీసుకుపోతాయి. స్పోకులకు వేస్తే వాటిని రిమ్ముకి బిగించే నిపుల్స్ దగ్గర రంగు పేరుకుని, తర్వాత చక్రం బెండు తీయడం మెకానిక్‌కి తలనొప్పి అవుతుంది. రిమ్ము మీద పట్టే బ్రేకు ఉన్న బండి అయితే ఆ అంచు మీద రంగు అసలు పడకూడదు. సీటు రాడ్డుకి వేసినా ట్యూబులోకి దించగానే గీసుకుపోతుంది, పైగా బిగుసుకుని కదలకుండా ఇబ్బంది పెడుతుంది. కాబట్టి మిగిలింది ఫ్రేమే. 20 అంగుళాల బండి ఫ్రేమ్ అంటే రెండు కాళ్లు, వాటిని కలిపే భుజం, పైన సీటు రాడ్డు దూరే చిన్న గొట్టం. ట్యూబుల చుట్టుకొలత, పొడవు వేసి గుణిస్తే మొత్తం పైభాగం ఒక చదరపు మీటరులో పదో వంతు దగ్గర ఉంటుంది. గొట్టం పక్కనుంచి గాల్లోకి పోయేది సగానికి పైనే ఉన్నా, ఒక్కో రకానికి 400 మిల్లీలీటర్ల డబ్బా ఒకటి సరిపోతుంది. రంగు కింద పట్టు కోసం వేసే ప్రైమర్ ఒకటి, రంగు ఒకటి, పైన రక్షణకి రంగులేని క్లియర్ కోటు ఒకటి: మూడు డబ్బాలతో అయిపోతుంది.

కింద ఉన్న లోహం ఏది?

షాపులో ఎవరూ అడగని ప్రశ్న ఇది. చవక యూనీసైకిళ్లు చాలావరకు ఉక్కువే, పైన క్రోమ్ పూతో మామూలు రంగో ఉంటుంది. కాస్త ఖరీదైనవి అల్యూమినియం. అయస్కాంతం అతుక్కుంటే ఉక్కు, అతుక్కోకపోతే అల్యూమినియం అనుకోవచ్చు. ఫ్రిజ్ మీద బొమ్మ తీసి చూస్తే చాలు.

పాత రంగు గట్టిగా ఉండి, ఎక్కడా పెచ్చులు లేవకపోతే దాన్ని పూర్తిగా గీకాల్సిన పని లేదు. కంపెనీ వేసిన పెయింట్‌ని మించిన ప్రైమర్ ఇంట్లో ఎలాగూ దొరకదు. 320 లేదా 400 నంబరు వాటర్ పేపర్‌తో మెరుపు పోయేవరకు రుద్ది, దాని మీదే మొదలుపెట్టవచ్చు. తుప్పు పట్టిన చోట మాత్రం 120 నంబరుతో లోహం కనిపించేదాకా గీకాలి. కనిపించే తుప్పుని ప్రైమర్‌తో కప్పేస్తే అది లోపల తన పని తాను చేసుకుంటూ పోతుంది.

క్రోమ్ వేరే జాతి. అలంకారం కోసం వేసే క్రోమ్ పొర మందం సాధారణంగా ఒక మైక్రాన్ కూడా ఉండదు. దాని కింద నికెల్ పొర దానికంటే ఎన్నో రెట్లు మందంగా ఉంటుంది. క్రోమ్ తుప్పు పట్టకపోవడానికి ఏ గుణం కారణమో, రంగు దానికి అంటకపోవడానికీ అదే కారణం: గాలి తగలగానే దాని మీద తేలిగ్గా దేనితోనూ కలవని పలుచని ఆక్సైడ్ పొర ఏర్పడుతుంది. నున్నగా ఉంటుంది, ఏదీ పట్టుకోదు. దాన్ని గరుకు చేయడం తప్ప దారి లేదు. అద్దంలా మెరిసే చోటు ఒక్కటి కూడా మిగలకుండా, మొత్తం బూడిద రంగులోకి వచ్చేవరకు రుద్దాలి. భుజం లోపలి మూలల్లో, వెల్డింగు దగ్గర చేయి దూరదు. సరిగ్గా అక్కడి నుంచే తర్వాత పెచ్చులు మొదలవుతాయి. వాటర్ పేపర్‌ని చిన్న ముక్కలుగా చింపి, పాత టూత్ బ్రష్ వెనక చుట్టి రుద్దడమే మార్గం. విసుగు పుట్టించే పనే, కానీ మొత్తం పనిలో రంగు ఆయుష్షును నిర్ణయించే గంట ఇదే.

అల్యూమినియం కూడా గాలి తగిలిన క్షణంలోనే ఆక్సైడ్ పొర కట్టుకుంటుంది. అందుకే దానికి ఎచ్ ప్రైమర్ వాడతారు. అందులో కొద్దిగా ఫాస్ఫారిక్ ఆమ్లం ఉంటుంది, అది పైపొరను కొరికి పట్టు సంపాదిస్తుంది. లేదంటే ఎపాక్సీ ప్రైమర్ ఉంది. కార్ల పెయింట్ షాపుల్లో రెండూ దొరుకుతాయి. ఇంటి రంగులమ్మే షాపులో అడిగితే నూటికి తొంభై సార్లు చేతిలో పెట్టేది రెడ్ ఆక్సైడ్.

రెడ్ ఆక్సైడ్ గురించి కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే మన ఇళ్లలో లోహానికి రంగు అంటే ముందు గుర్తొచ్చేది అదే. గేట్లకీ కిటికీ గ్రిల్స్‌కీ బ్రష్‌తో వేసే ఆ ఎర్ర ప్రైమర్ ఉక్కుకి మంచిదే. చిక్కు దాని మీద స్ప్రే డబ్బా వాడినప్పుడు వస్తుంది. రెడ్ ఆక్సైడ్ ఆల్కిడ్ రకం, అంటే ఎనామెల్ కుటుంబం. అది గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి, రోజుల తరబడి నెమ్మదిగా గట్టిపడుతుంది. త్వరగా ఆరే స్ప్రే డబ్బాల్లో చాలావాటిలో ఉండేది లాకర్ అనే ఇంకో రకం రంగు. అందులోని ఘాటైన థిన్నర్ ఇగిరిపోతే రంగు మిగులుతుంది, మళ్లీ థిన్నర్ తగిలితే కరుగుతుంది. ఇంకా పూర్తిగా గట్టిపడని ఎనామెల్ మీద ఆ ఘాటైన థిన్నర్ పడితే అది కింది పొరలోకి దూరి ఉబ్బేలా చేస్తుంది. కళ్ల ముందే రంగు ముడతలు పడి, ఎండిన చర్మంలా లేచిపోతుంది. డబ్బా నకిలీదని షాపువాడితో గొడవకి దిగేవాళ్లలో చాలామందికి జరిగేది ఇదే. ఎనామెల్ మీద లాకర్ వేయకూడదు. లాకర్ మీద ఎనామెల్ వేస్తే పెద్దగా ఇబ్బంది ఉండదు. అన్నిటికంటే తేలికైన ఉపాయం ప్రైమర్, రంగు, క్లియర్ మూడూ ఒకే కంపెనీ, ఒకే రకం కొనడం.

మన మెకానిక్ షెడ్లలో ఇప్పటికీ వినిపించే ‘డ్యూకో పెయింట్’ అన్న మాట కూడా ఈ లాకర్ల కథలోదే. అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ 1923లో కార్ల కోసం తెచ్చిన నైట్రోసెల్యులోజ్ లాకర్ పేరు అది. అంతకుముందు కారు మీద రంగు ఆరడానికి వారాలు పట్టేది, అది గంటల్లోకి దిగింది. పేరు మాత్రం మన ఊళ్లలో అన్ని రకాల కారు రంగులకూ అంటుకుపోయింది.

జిడ్డు మాట

రుద్దడం అయ్యాక శుభ్రం చేయాలని అందరికీ తెలుసు. దేనితో అన్నదే సమస్య. మన దగ్గర సైకిల్ భాగాలు కడగడం అంటే కిరోసిన్, లేదా డీజిల్. రెండూ గ్రీజుని కరిగిస్తాయి, కానీ వెనక తమ నూనె పొర వదిలి వెళ్తాయి. వాటితో తుడిచి నేరుగా ప్రైమర్ కొడితే ఎంత రుద్దినా వృథాయే. ముందు అంట్లు తోమే లిక్విడ్‌తో కడిగి, నీళ్లు ఆరాక, శుభ్రమైన గుడ్డతో ఐసోప్రొపైల్ ఆల్కహాల్ గానీ, కింద పాత రంగు లేకపోతే థిన్నర్ గానీ పెట్టి తుడవాలి. గుడ్డ మడత మార్చుకుంటూ తుడవకపోతే ఒకచోటి జిడ్డు ఇంకోచోట పూసినట్టే అవుతుంది. ఆ తర్వాత వట్టి చేత్తో ముట్టుకోకూడదు. తలకి కొబ్బరి నూనె రాసుకునే ఇళ్లలో ఈ జాగ్రత్త రెండింతలు అవసరం. టైరుకీ సీటుకీ మెరుపు కోసం కొట్టే సిలికాన్ పాలిష్ ఫ్రేమ్ మీద పడి ఉంటే ఇంకా తిప్పలు. రంగు పడగానే అక్కడ గుండ్రటి చిన్న గుంటలు తెరుచుకుంటాయి, ఎంత కొట్టినా పూడవు.

పాత బండి పాత రంగుని పొడిగా గీకొద్దు. మన దేశంలో ఇళ్లకు వాడే, అలంకరణకు వాడే రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్లలో 90) మించకూడదన్న నిబంధన 2016లో వచ్చి, 2017 నవంబరు నుంచి అమల్లోకి వచ్చింది. పాత సైకిల్ రంగులో ఏముందో పైకి తెలియదు. తడిపి రుద్దితే దుమ్ము లేవదు. ఆ నీళ్లు పిల్లలు ఆడే చోట పారబోయకుండా, తుడిచిన గుడ్డ పారేస్తే చాలు.

డబ్బా లోపల

స్ప్రే పెయింట్ డబ్బా వయసు మరీ ఎక్కువేమీ కాదు. 1949లో అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో ఎడ్వర్డ్ సీమర్ అనే రంగుల వ్యాపారి అల్యూమినియం రంగుని ఏరోసాల్ డబ్బాలో నింపి చూపించాడు. ఆ ఆలోచన భార్య బానీది. డబ్బాలో రంగు, థిన్నర్, వాటిని బయటికి తోసే గ్యాస్ ఉంటాయి. ఓజోన్ పొరను దెబ్బతీస్తాయని తేలాక, 1987 నాటి మాంట్రియల్ ఒప్పందం దెబ్బతో సీఎఫ్‌సీ గ్యాసులు పోయాయి. ఇప్పుడు ఎక్కువగా వాడేది ప్రొపేన్, బ్యూటేన్ కలిసిన గ్యాస్. వంటింటి సిలిండర్‌లో ఉండేది ఏదో, ఇదీ అదే. కొన్నిటిలో డైమిథైల్ ఈథర్ ఉంటుంది, అదీ మండేదే.

ఈ గ్యాస్ డబ్బాలో ద్రవంగా ఉంటుంది. కొద్దిగా బయటికి పోగానే లోపలి ద్రవం మరికొంత ఆవిరై ఆ ఖాళీని నింపుతుంది. అందుకే మొదటి నొక్కుకీ చివరి నొక్కుకీ పీడనంలో పెద్ద తేడా ఉండదు. ఆవిరవడానికి వేడి కావాలి కాబట్టి ఆపకుండా కొడితే డబ్బా చేతిలో చల్లబడుతుంది, పీడనం తగ్గుతుంది, నాజిల్ తుంపర బదులు చుక్కలు ఉమ్మడం మొదలెడుతుంది. అప్పుడు ఓ ఐదు నిమిషాలు ఆపడమే వైద్యం. లోపల గలగలమనే గోళీ అడుగున పేరుకున్న రంగు పొడిని కలపడానికి. గోళీ చప్పుడు మొదలైన తర్వాత కనీసం రెండు నిమిషాలు ఊపాలి, మధ్యమధ్యలో మళ్లీ ఊపుతుండాలి. ఊపకుండా కొట్టిన మొదటి కోటులో థిన్నరే ఎక్కువ, రంగు తక్కువ. పని అయ్యాక డబ్బా తలకిందులు చేసి, గ్యాస్ మాత్రమే వచ్చేవరకు నొక్కితే నాజిల్ మూసుకుపోకుండా ఉంటుంది.

డబ్బా మీద 50 డిగ్రీలు దాటకూడదని రాసి ఉంటుంది. మే నెలలో రామగుండంలోనో విజయవాడలోనో ఎండలో నిలిపిన కారులో 60 దాటడం మామూలే. షాపు నుంచి తెచ్చిన డబ్బాలను కారులో వదిలేసి భోజనానికి వెళ్లకండి.

గాలి, తేమ, ఎండ

మన దగ్గర ఇంటి పెయింట్ చెడగొట్టేది ఎక్కువగా వాతావరణమే. డబ్బా మీద సూచనలు చాలావరకు 10 నుంచి 32 డిగ్రీల వాతావరణానికి రాసినవి. మనకి ఆ రెండో అంకె ఏడాదిలో సగం రోజులు దాటిపోతుంది.

విశాఖ, కాకినాడ, బందరు లాంటి తీరపు ఊళ్లలో తేమది ప్రధాన పాత్ర. లాకర్ రంగు పడగానే థిన్నర్ వేగంగా ఆవిరై లోహాన్ని చల్లబరుస్తుంది. 30 డిగ్రీల ఎండలో గాలిలో తేమ 80 శాతం ఉందనుకుందాం. అప్పుడు మంచు బిందువు, అంటే గాలిలోని ఆవిరి నీరుగా మారే ఉష్ణోగ్రత, 26 డిగ్రీల దగ్గర ఉంటుంది. ఫ్రేమ్ పైభాగం నాలుగు డిగ్రీలు చల్లబడితే చాలు, కంటికి కనిపించనంత నీరు తడి రంగు మీద చేరుతుంది. ఆరాక నల్ల రంగు మీద పాలు ఒలికినట్టు తెల్లటి మసక మిగులుతుంది. అదే 30 డిగ్రీల దగ్గర తేమ 50 శాతమే ఉంటే మంచు బిందువు 18 డిగ్రీలకు పడిపోతుంది, అంత దూరం చల్లబడే ప్రమాదం లేదు. ఫ్యాక్టరీల్లో లోహం ఉష్ణోగ్రత మంచు బిందువు కంటే కనీసం 3 డిగ్రీలు పైన ఉంటేనే పెయింట్ మొదలుపెడతారు. మనకి ఫోన్లో వెదర్ యాప్ చాలు, తేమ శాతం, మంచు బిందువు రెండూ అందులో కనిపిస్తాయి.

తెలంగాణ, రాయలసీమ వేసవిలో కథ తిరగబడుతుంది. 42 డిగ్రీల పొడి గాలిలో తుంపర ఫ్రేమ్‌ని చేరేలోపే సగం ఆరిపోతుంది. పొడి రేణువులుగా వచ్చి అంటుకుంటుంది. ఆరాక చేత్తో నిమిరితే సాండ్ పేపర్‌లా గరగరమంటుంది, మెరుపు రాదు. ఎండలో ఉంచిన నల్ల ఫ్రేమ్ అయితే లోహం చేయి పెట్టలేనంత వేడెక్కి ఉంటుంది. పైపొర క్షణంలో బిగుసుకుంటుంది, లోపలి థిన్నర్ దారి లేక పొక్కులుగా పైకి వస్తుంది.

రెండు రాష్ట్రాలకూ కలిపి మంచి కాలం చెప్పమంటే కార్తీకం నుంచి మాఘం దాకా, మంచు పూర్తిగా విడిచాక, ఉదయం తొమ్మిది నుంచి పదకొండున్నర మధ్య, నీడలో. న్యూజెర్సీలోనో షికాగోలోనో ఉన్నవాళ్లకి అదే కాలం పనికిరాదు. గరాజ్‌లో 10 డిగ్రీల కంటే తక్కువైతే రంగు ఆరదు. వాళ్లు మే నెల వరకు ఆగడమే మేలు.

చోటు విషయంలో అపార్ట్‌మెంట్ మేడ మీద అనుకుంటే, గాలి ఎటు వీస్తోందో ముందు చూడండి. తుంపర ఆరిన పొడిగా చాలా దూరం పోతుంది. పక్కింటావిడ ఆరబెట్టిన వడియాల మీద మీ నీలం రంగు పడితే ఏ థిన్నరూ ఆ గొడవని కడగలేదు. పెద్ద అట్టపెట్టెను మూడు వైపులా మూసి, అందులో ఫ్రేమ్ వేలాడదీస్తే గాలీ దుమ్మూ కూడా తగ్గుతాయి.

గది లోపల మాత్రం వద్దు. గ్యాస్ గాలి కంటే బరువైంది కాబట్టి నేల మట్టంలో పేరుకుంటుంది. దేవుడి గదిలో దీపం, గ్యాస్ గీజరు, చివరికి స్విచ్ నిప్పురవ్వ చాలు. ఆరు బయట కొడుతున్నా మాస్కు కావాలి. ఎన్95 మాస్కు రంగు తుంపరని ఆపుతుంది గానీ థిన్నర్ ఆవిరిని ఆపదు. దానికి బొగ్గు కార్ట్రిడ్జి ఉన్న రెస్పిరేటర్ ఉండాలి. అడుగున బటన్ నొక్కితే హార్డెనర్ కలిసే రకం డబ్బాలు కొన్ని దొరుకుతాయి, వాటిని 2కే అంటారు. వాటి క్లియర్ కోటు గట్టిదనంలో మిగతావాటిని మించిపోతుంది, పెట్రోల్ పడినా కరగదు. కానీ ఆ హార్డెనర్‌లోని ఐసోసయనేట్లు ఊపిరితిత్తుల్లోకి పోతే జీవితాంతం వెంటాడే ఆస్తమా రావచ్చు. పిల్లలున్న ఇంట్లో వాటిని నేను సిఫారసు చేయను, రంగు ఒక ఏడాది తక్కువ నిలిచినా పర్వాలేదు.

కొట్టడం, ఆగడం

ప్రైమర్‌కి ముందు టేప్ పని ఉంది. ఫ్రేమ్ కాళ్ల చివర చక్రం బేరింగ్‌ని పట్టుకునే అర్ధచంద్రాకారపు గూడు, దాని కింద బోల్టులతో బిగించే మూత ఉంటాయి. ఆ రెండింటి లోపలి వైపు ఒక చుక్క రంగు కూడా పడకూడదు. ఎందుకంటే ఆ గూడు 40 లేదా 42 మిల్లీమీటర్ల బేరింగ్‌కి సరిగ్గా సరిపోయేలా చేసినది. స్ప్రే కోటు ఒక్కోటి ఆరాక 10 నుంచి 25 మైక్రాన్ల మందం ఉంటుంది. ప్రైమర్, రంగు, క్లియర్ కలిపి ఆరు కోట్లు పడితే 0.1 మిల్లీమీటరు దగ్గరికి వస్తుంది. గూడులో, మూతలో రెండు వైపులా కలిపితే దానికి రెట్టింపు. చూడ్డానికి చిన్న అంకే, బేరింగ్‌కి కాదు. బోల్టు బిగించగానే బయటి రింగు నొక్కుకుని చక్రం బరువుగా తిరుగుతుంది. కొన్నాళ్లకు ఆ రంగు నలిగి రాలిపోతే మూత వదులై కిర్రుమంటుంది. కాబట్టి గూళ్లలో మాస్కింగ్ టేప్, బోల్టు రంధ్రాల్లో పాత బోల్టులు, పై గొట్టంలో చుట్టిన కాగితం. జీఐ తీగ ఒకటి వంచి ఫ్రేమ్‌ని వేలాడదీస్తే చుట్టూ తిరిగి కొట్టొచ్చు.

దూరం 20 నుంచి 30 సెంటీమీటర్లు. దగ్గరైతే కారుతుంది, దూరమైతే పొడిబారుతుంది. గొట్టం బయట నొక్కడం మొదలుపెట్టి, గొట్టం దాటాక వదలాలి. ఫ్రేమ్ మీదే నొక్కి, ఫ్రేమ్ మీదే వదిలితే ఆ రెండు చోట్లా ముద్ద పడుతుంది. భుజం లోపలి మూలలు, వెల్డింగు అతుకులు ముందు. విశాలమైన భాగాలు తర్వాత. మొదటి కోటు ఎంత పలుచగా ఉండాలంటే కింద ప్రైమర్ కనిపిస్తూనే ఉండాలి. అందరూ తొందరపడేది ఇక్కడే, ఒక్క దెబ్బకే నిండుగా కనిపించాలని.

మందంగా కొట్టిన కోటు పాల మీద మీగడ కట్టినట్టు పైన గట్టిపడి, అడుగున పచ్చిగానే ఉండిపోతుంది. అందుకే కోట్ల మధ్య సమయానికి అంత విలువ. లాకర్ అయితే పది, పదిహేను నిమిషాలు ఆగి తర్వాతి కోటు వేయవచ్చు, కొత్త థిన్నర్ పాత కోటుని కాస్త కరిగించి రెండూ ఒకటవుతాయి. ఎనామెల్ డబ్బాల మీద మాత్రం విచిత్రమైన సూచన కనిపిస్తుంది: గంటలోపు మళ్లీ వేయండి, లేదంటే 48 గంటలు ఆగండి. గంటలోపు పొర ఇంకా మెత్తగా ఉంటుంది, కొత్తది కలిసిపోతుంది. రెండు రోజుల తర్వాత తట్టుకునేంత గట్టిపడుతుంది. ఆ మధ్యలో పొర సగం కట్టి, సగం కట్టక ఉంటుంది. ఆ సమయంలో థిన్నర్ తగిలితే ముడత పడడం ఖాయం. సాయంత్రం ఒక కోటు, మర్నాడు పొద్దున ఇంకో కోటు అనుకునేవాళ్లు సరిగ్గా ఆ గుంటలోకే దిగుతారు. డబ్బా వెనక ఉన్న చిన్న అక్షరాల్లో చదవాల్సిన ఒక్క వాక్యం ఇదే.

రంగుల్లో పసుపు, నారింజ, ఫ్లోరోసెంట్ రకాలు కింద ఉన్నదాన్ని సరిగ్గా కప్పవు. బూడిద రంగు ప్రైమర్ మీద పసుపు కొడితే ఆకుపచ్చ జీర కనిపిస్తుంది, దాన్ని పోగొట్టాలని కోట్లు పెంచితే కారుతుంది. ముందు తెల్ల కోటు వేస్తే పని తేలిక. తెలుపులో ఉండే టైటానియం డయాక్సైడ్ కప్పడంలో తెల్ల పొడులన్నిటికంటే గట్టిది. ఫ్లోరోసెంట్ ఎంత ముచ్చటగా ఉన్నా ఎండకి త్వరగా వెలిసిపోతుంది, పైన యూవీ తట్టుకునే క్లియర్ కోటు వేసినా ఆ జోరు ఎక్కువ కాలం ఉండదు.

ముట్టుకుంటే అంటకపోవడం వేరు, గట్టిపడటం వేరు. లాకర్ అరగంటలో చేతికి అంటదు, కానీ లోపలి థిన్నర్ పూర్తిగా పోవడానికి కొన్ని రోజులు పడుతుంది. ఎనామెల్ అయితే వారం, చలికాలంలో ఇంకా ఎక్కువ. ముక్కు దగ్గర పెట్టుకుని చూడండి: థిన్నర్ వాసన వస్తోందంటే ఇంకా ఆరుతున్నట్టే. కనిపించని చోట గోటితో నొక్కితే గుర్తు పడితే కూడా అంతే. ఒక రాత్రి నీడలో ఆరాక, మర్నాటి నుంచి ఎండలో వేలాడదీస్తే ఈ పని త్వరగా అవుతుంది. ఆ వారం బండి తొక్కకుండా ఉండటమే పిల్లలున్న ఇంట్లో అసలు టెన్షన్.

పట్టు ఎలా ఉందో తెలుసుకోవాలంటే కంపెనీలు వాడే పరీక్షనే ఇంట్లో చేయొచ్చు. బేరింగ్ మూత బయటి వైపు లాంటి చిన్న చోట బ్లేడుతో అడ్డంగా, నిలువుగా చదరంగం గళ్లలా సన్నటి గీతలు గీసి, గట్టి టేపు అతికించి, ఒక్కసారిగా లాగాలి. గళ్లు టేపుతో పాటు వచ్చేస్తే కింది పని సరిగ్గా జరగలేదని అర్థం. దీన్ని ప్రైమర్ ఆరిన తర్వాతే చేస్తే తెలివి. రంగు, క్లియర్ డబ్బాలు రెండూ మిగులుతాయి.

పౌడర్ కోటింగ్ చేయిస్తే పోలేదా?

రోజూ తొక్కి, మెట్ల మీంచి దూకించే బండి అయితే అదే మేలు, సందేహం లేదు. అందులో పొడి రంగుని విద్యుత్ చార్జితో లోహానికి అంటించి, 180 నుంచి 200 డిగ్రీల ఓవెన్‌లో కరిగిస్తారు. ఏ ఇంటి డబ్బా దాని గట్టిదనాన్ని అందుకోదు. హైదరాబాద్ బాలానగర్, జీడిమెట్ల వైపు, విజయవాడ ఆటోనగర్‌లో ఇలాంటి పనులు చేసే షెడ్లు దొరుకుతాయి. ఒక్క ఫ్రేమ్ కోసం ఓవెన్ వెలిగించరు కాబట్టి వాళ్ల దగ్గర నడుస్తున్న రంగుకి ఒప్పుకుంటే చవకగా అవుతుంది. అల్యూమినియం ఫ్రేమ్ ఇచ్చేటప్పుడు ఒక మాట చెప్పాలి: పాత రంగు తీయడానికి కాల్చే ఓవెన్‌లో పెట్టొద్దని. కొన్ని షెడ్లలో పాత రంగుని 350 డిగ్రీల పైన కాల్చేస్తారు. వేడితో గట్టిపరిచిన అల్యూమినియం మిశ్రమం ఆ వేడికి మెత్తబడిపోతుంది. పైకి చూస్తే ఏ తేడా కనిపించదు.

ఇంటి పెయింట్‌తోనే ఉందామనుకుంటే భుజం మీద, కాళ్ల లోపలి వైపు కార్లకి వేసే పారదర్శక ఫిల్మ్ ముక్కలు అతికించండి. స్టిక్కర్లు వేసే షాపులో మిగిలిన తుంపు అడిగినా ఇస్తారు. రంగు పూర్తిగా గట్టిపడకముందు అతికిస్తే మాత్రం ఫిల్మ్ తీసేటప్పుడు రంగూ వస్తుంది.

తిరిగి బిగించేటప్పుడు చక్రం ఎటు తిప్పి పెట్టినా ఫ్రేమ్‌లో కూర్చుంటుంది, ఆ సౌకర్యమే ప్రమాదం. క్రాంకుల మీద, పెడళ్ల మీద ఎల్, ఆర్ అని చెక్కి ఉంటుంది. ఎడమ పెడల్ మరలు తిరగేసి ఉంటాయి: ఊడదీయాలంటే గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పాలి, బిగించాలంటే ఎదురు వైపు. సీటు ముందుకు చూస్తుండగా ఎల్ క్రాంకు తొక్కేవాడి ఎడమ కాలి వైపు ఉండాలి. తారుమారు అయితే తొక్కుతున్నకొద్దీ పెడళ్లు వాటంతట అవే వదులవుతాయి, ఒకరోజు క్రాంకు మరలు కోసుకుని ఊడిపోతాయి. బేరింగ్ మూతల బోల్టులు రెండు వైపులా కొద్దికొద్దిగా, సమంగా బిగించాలి. చక్రం ఎత్తి వేలితో తిప్పితే ఆగకుండా తిరగాలి, పక్కకి ఊపితే ఆడకూడదు. మూత అంచుల మీద రంగు ఉంటే అది నొక్కుకుని కాస్త సర్దుకుంటుంది, అందుకే మొదటి రెండు మూడు రోజులు తొక్కాక పానా పెట్టి ఆ బోల్టులు మరోసారి చూడాలి.